ఎగ్జాస్ట్‌కి ఏ పూత? ముందు వేడి కొలవండి

అందరికీ నమస్కారం.

ఎగ్జాస్ట్‌కి ఏ పెయింట్ మంచిదని అడిగితే చాలామంది డబ్బా మీద అంకె చూపిస్తారు. ఒకదాని మీద 650 డిగ్రీలు, ఇంకోదాని మీద 1,100. పెద్ద అంకె ఉన్నది కొంటే పనైపోతుందనుకుంటాం. కానీ ఆ అంకె చాలాసార్లు కాసేపు మాత్రమే తట్టుకునే గరిష్ఠం. గంటల తరబడి ఎంత తట్టుకుంటుందో డేటా షీట్‌లో వెతుక్కోవాలి. అంతకంటే ముందు మన భాగం నిజంగా ఎంత కాగుతుందో తెలియాలి.

పెట్రోల్ ఇంజిన్ పూర్తి లోడ్‌లో ఉన్నప్పుడు ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే పోర్టు దగ్గర అది 800 నుంచి 950 డిగ్రీల దాకా వెళ్తుంది. లోహం అంత కాగదు. పోర్టుల పొగను ఒకచోటికి చేర్చే మానిఫోల్డ్ పైభాగం సుమారు 500 నుంచి 700, దాని నుంచి కిందికి దిగే డౌన్‌పైప్ 400 నుంచి 600, సైలెన్సర్ దగ్గరికొచ్చేసరికి 150 నుంచి 300 ఉంటుంది. టర్బో హౌసింగ్ కూడా బాగా కాగుతుంది, చీకట్లో ఎర్రగా కనిపించవచ్చు. డీజిల్ ఇంజిన్లలో ఇవన్నీ కొంత తక్కువ. ఇవి అంచనాలే కాబట్టి మీ బండి మీద థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ సెన్సర్) బిగించి కొలవండి, లేదా నిర్ణీత వేడికి కరిగే ఉష్ణోగ్రత క్రేయాన్‌తో గీత గీసి చూడండి.

ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో మాత్రం జాగ్రత్త. మామూలుగా అది ఉపరితలం ఉద్గారత, అంటే వేడిని కిరణాలుగా వెదజల్లే సామర్థ్యం, 0.95 అనుకుని లెక్క వేస్తుంది. వెండి రంగు పూత ఉద్గారత 0.3, 0.4 దగ్గర ఉంటుంది. పూత వేశాక గన్ చాలా తక్కువ చూపిస్తుంది, వేడి నిజంగా అంత తగ్గిపోయిందని మనం మురిసిపోతాం. ‘ముందు, తర్వాత’ అంటూ చూపించే ప్రదర్శనల్లో సగం మాయ ఇక్కడే ఉంది.

దీనికి సంబంధించిన ఒక చిన్న లెక్క. 600 డిగ్రీల దగ్గర ఆక్సైడ్ పట్టిన ఉక్కు చదరపు మీటరుకు దాదాపు 28 కిలోవాట్ల వేడిని వెదజల్లుతుంది. 25 మైక్రాన్ల సిరామిక్ పూత ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి 1 వాట్ అనుకుంటే, ఆ పొరకు రెండు వైపులా ఉండే తేడా ఒక డిగ్రీ లోపే. ప్లాస్మా స్ప్రేతో, అంటే పొడిని కరిగించి చిమ్మి, వేసే 300 మైక్రాన్ల జిర్కోనియా సిరామిక్ అయినా పది డిగ్రీలకు అటూఇటూ. అంటే పల్చని పూత ఇన్సులేషన్ కాదు. బానెట్ కింద వేడి తగ్గితే, అది పూత తక్కువ వికిరణం చేయడం వల్లే తగ్గుతుంది. అందుకే ఆ పనికి వెండి రంగు అల్యూమినియం పూత నయం. నల్లది చూడ్డానికి బావుంటుంది కానీ వేడిని ఎక్కువ వెదజల్లుతుంది. పక్కనున్న వైరింగ్‌నో బ్రేక్ పైపునో కాపాడాలంటే పది మిల్లీమీటర్ల గాలి ఖాళీ వదిలి హీట్ షీల్డ్ పెట్టండి, ఏ పూతా దానికి సాటి రాదు.

ఇక రకాలు. మామూలు పౌడర్ కోటింగ్ 200 డిగ్రీల దగ్గరే పాడవుతుంది, ఎగ్జాస్ట్‌కి వద్దు. జింక్ 419 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి జింక్ ప్రైమర్ వేడి భాగాల మీద పనికిరాదు. స్టెయిన్‌లెస్ మీద కరిగిన జింక్ పడితే లోహమే పగుళ్లిస్తుంది. సైలెన్సర్‌కీ మధ్య పైపుకీ సిలికోన్ రెసిన్‌లో అల్యూమినియం రేకు కలిపిన పెయింట్ చాలు. వేడికి అందులోని సేంద్రియ భాగం కాలిపోయి, మిగిలిన సిలికా రేకుల్ని పట్టి ఉంచుతుంది. నల్ల రంగు కావాలంటే లోహ ఆక్సైడ్ పిగ్మెంట్ ఉన్నదే తీసుకోండి, కార్బన్ నలుపు కాలి బూడిద రంగుకి తిరుగుతుంది. మానిఫోల్డ్‌కి సిరామిక్ కోటింగ్ మంచిది. కానీ మైల్డ్ స్టీల్ 570 డిగ్రీలు దాటితే పొలుసు, అంటే ఆక్సైడ్ పొర, వేగంగా పెరుగుతుంది. అక్కడ లోహాన్ని మార్చడమే పరిష్కారం, పూత మీద ఆశ పెట్టుకోకండి. వ్యాకోచం కూడా చూసుకోవాలి. అర మీటరు 304 స్టెయిన్‌లెస్ పైపు 600 డిగ్రీలు వేడెక్కితే అయిదు మిల్లీమీటర్లు సాగుతుంది, మైల్డ్ స్టీల్ నాలుగుకి కాస్త అటూఇటూ. పెళుసైన మందపాటి పూతలు స్టెయిన్‌లెస్ మీద ముందుగా బీటలు వారేది అందుకే.

పూత నిలిచేదీ ఊడేదీ ఎక్కువగా తయారీలోనే తేలిపోతుంది. వైర్ బ్రష్ చాలదు. 100 లేదా 120 మెష్ అల్యూమినియం ఆక్సైడ్ గ్రిట్‌ని గాలి ఒత్తిడితో చిమ్మి, ఎస్‌ఏ 2.5 ప్రమాణం (దాదాపు పూర్తిగా శుభ్రమైన లోహం) దాకా బ్లాస్ట్ చేయాలి. స్టెయిన్‌లెస్ మీద ఉక్కు గ్రిట్ వాడితే దానిలో ఇరుక్కున్న ఇనుము తర్వాత తుప్పు పడుతుంది. పాత పోతఇనుము మానిఫోల్డ్ నూనె పీల్చి ఉంటుంది. దాన్ని 260 నుంచి 300 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చి, మళ్లీ బ్లాస్ట్ చేసి, అసిటోన్‌తో తుడవండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వద్దు, వేడికి విషవాయువు పుడుతుంది. ఆ తర్వాత ఒట్టి చేత్తో ముట్టుకోకుండా, నాలుగు గంటల్లోపు పూత వేయాలి.

పొరలు పల్చగా ఉండాలి. సిలికోన్ పెయింట్ అయితే రెండు పొరలు, ఎండాక మొత్తం 40 నుంచి 50 మైక్రాన్లు, మధ్యలో పది పదిహేను నిమిషాల విరామం. దట్టంగా వేస్తే లోపల చిక్కుకున్న ద్రావణి ఆవిరై పొక్కులు లేపుతుంది. తర్వాత కాల్చడం: 120 డిగ్రీల దగ్గర అరగంట, చల్లార్చడం, 200 దగ్గర అరగంట, చల్లార్చడం, 315 దగ్గర అరగంట. ఈ క్రమం బ్రాండ్‌ని బట్టి మారుతుంది కాబట్టి డబ్బా మీది సూచనే చివరి మాట. ఓవెన్ లేకపోతే బండికే బిగించి పది నిమిషాలు ఐడిల్‌లో నడిపి ఆర్పాలి, అలా ప్రతిసారీ కాస్త పెంచుకుంటూ పోవాలి. ఆరుబయటే చేయండి, పొగ బాగా వస్తుంది. కాల్చని సిలికోన్ పెయింట్ చేతికి ఆరినట్టే ఉంటుంది కానీ పెట్రోల్ చుక్క పడితే మెత్తబడుతుంది.

ఫ్లాంజ్ ముఖాలు, బోల్టు కూర్చునే చోట్లు, సెన్సర్ మరలు మాస్క్ చేయండి. గ్యాస్కెట్ కింద పూత ఉంటే కాలిపోయి బోల్టు పట్టు వదులుతుంది, పొగ కారుతుంది. సిలికోన్ పెయింట్‌ని పైపు లోపల వేయకూడదు. దాని ఆవిరి ఆక్సిజన్ సెన్సర్ మీద సిలికా పొరగా పేరుకుని దాన్ని చంపేస్తుంది. లోపల వేసే ఏ పూతైనా టర్బోకి ముందు పెచ్చులూడితే టర్బైన్ రెక్కలకే దెబ్బ.

ఊడిన పెచ్చును పారేయకుండా తిరగేసి చూడండి. కింద లోహం మెరుస్తుంటే శుభ్రత లోపం. పెచ్చు వెనక నల్లని పొలుసు అంటుకుని వస్తే లోహమే ఆక్సీకరణ చెందింది, వేడి ఆ ఉక్కు హద్దు దాటింది. గుండ్రని పొక్కులుంటే మందం ఎక్కువైంది, లేదా కాల్చడంలో తొందరపడ్డారు. రంగు మారి పూత గట్టిగానే ఉంటే పిగ్మెంట్ మాత్రమే పోయింది, దాన్ని అలాగే వదిలేయవచ్చు. మిగిలిన సందర్భాల్లో దేని మీదా పైపూత వేయకండి, లోహం దాకా బ్లాస్ట్ చేసి మొదటి నుంచి మొదలుపెట్టండి.