డాలస్ నల్లమట్టి, మన లాన్లు

అందరికీ నమస్కారం. మార్చి వచ్చిందంటే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల: "లాన్‌కి ఏ ఎరువు వేయాలండీ?" అట్లాంటాలో ఉండే బావగారు సున్నం చల్లమంటారు. ఆయన తప్పేం చెప్పలేదు. అక్కడిది ఎర్రమట్టి, ఆమ్లగుణం ఎక్కువ. మనం ఉన్నది డాలస్ శివార్లు ఫ్రిస్కో, ప్లేనోల్లో. ఇక్కడిది గుంటూరు వాళ్లు చూడగానే గుర్తుపట్టే నల్లరేగడి రకం. ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానొస్తే బూట్లను వదలదు. అడుగున సున్నపురాయి, పీహెచ్ చాలాచోట్ల 7.5 నుంచి 8 పైదాకా, అంటే ఆమ్లం కాదు, క్షారం (7 దాటితే క్షారమే). సున్నం ఆ పీహెచ్‌ని ఇంకా పెంచేదే. దీనికి ఇంకా సున్నమా? డబ్బు దండగ.

అందుకే ముందు పరీక్ష చేయిద్దాం. ఫ్రంట్ యార్డ్ మట్టి, బ్యాక్ యార్డ్ మట్టి కలపకండి. ఒక్కోదాంట్లో పది పదిహేను చోట్ల గడ్డి, పీచు పక్కకి తీసేసి ఆరంగుళాల లోతు వరకు మట్టి తీయండి. ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపండి. జింకు పూత ఉన్న రేకు బకెట్ వాడితే ఆ జింకు మీ రిపోర్టులోకి ఎక్కుతుంది. బాగా కలిపాక రెండు కప్పుల మట్టి కాలేజ్ స్టేషన్ ఊళ్లోని టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్ల అగ్రిలైఫ్ ల్యాబ్‌కి పంపితే సరిపోతుంది. ఫారంలో మీ గడ్డి బెర్ముడానో, సెయింట్ ఆగస్టీనో తప్పక రాయండి, సిఫారసు దాన్నిబట్టే వస్తుంది.

రిపోర్టు రాగానే భాస్వరం ఎంతుందో చూడండి. ఏళ్ల తరబడి ఎరువులు తిన్న లాన్లలో అది సరిపడా ఉండటం మామూలే. అలాంటప్పుడు 10-10-10 సంచీ జోలికి పోకండి. ఆ మూడు అంకెలు వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. భాస్వరం మితిమీరితే గడ్డికి ఇనుము అందడం ఇంకా కష్టమవుతుంది. మధ్య అంకె సున్నా ఉన్నది తీసుకోండి. 21-0-0 అయితే వెయ్యి చదరపు అడుగులకు ఒక పౌండు నత్రజని అందాలంటే దాదాపు 4.8 పౌండ్ల ఎరువు పడుతుంది. కొలవాల్సింది లాన్‌ని, ఇల్లు కూడా కలిపి మొత్తం స్థలాన్ని కాదు. సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లి నీళ్లు పెట్టండి. బెర్ముడా అయితే పూర్తిగా పచ్చబడి రెండుసార్లు కోసేదాకా, అంటే ఇంచుమించు ఏప్రిల్ సగం దాకా ఆగండి. మార్చిలో వేస్తే ముందు తినేది కలుపే. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉత్తరానికి భయపడి తొందరపడేవాళ్లే ఎక్కువ!

ఎరువు వేసినా పసుపు పోలేదంటే ఆకుని దగ్గరగా చూడండి. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పాలిపోతే అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము ఉన్నా ఈ పీహెచ్ దగ్గర వేళ్లకు అందదు. ఐరన్ సల్ఫేట్ ద్రావణం ఆకుల మీద స్ప్రే చేయాలి. డ్రైవ్‌వే మీద పడితే వెంటనే కడిగేయండి, లేకపోతే తుప్పు మరక ఉండిపోతుంది. గ్యారేజీలో కాపాడుకొస్తున్న కరివేపాకు మొక్క లేత ఆకులు అలాగే పాలిపోతుంటే దానికీ ఇదే కారణం కావచ్చు.

ల్యాబ్ ఫారాలు ప్రింట్ తీసి టీ టేబుల్ దగ్గర పెట్టాను. ఇక ప్రశ్నలు అడగండి.