పెన్న ఉండగా పూల్ ఎందుకు? కండొనేషన్ ఫీజు మీద స్టూడియోలో రభస

(నెల్లూరులో ఒక లోకల్ కేబుల్ చానల్ చర్చ ఇది. ఎవరి మాట వాళ్ళదే, దిద్దలేదు. అందరూ ఒకేసారి అరిచిన చోట చెవికి అందినంతే రాశాం.)

యాంకర్: నమస్కారం. వారం రోజులుగా జిల్లా వాట్సాప్ గ్రూపులన్నీ ఒకటే వీడియో. ఇందుకూరుపేట వైపు రొయ్యల రైతు, ఇంజనీరింగ్ చదివే ఆయన కూతురు. పాప యూనివర్సిటీ తరఫున ఈత పోటీలకు వెళ్ళొస్తే, హాజరు 75 శాతం లేదని కాలేజీ కండొనేషన్ ఫీజు కట్టమంది. "ఫ్రాన్స్ కుర్రాడు కాలేజీలో ఈది ఒలింపిక్స్‌లో నాలుగు బంగారాలు తెచ్చుకున్నాడు, మా బిడ్డ ఈదితే జరిమానానా" అన్నారాయన. ఇవాళ అందరికీ సమానంగా సమయం ఇస్తాం. కోచ్ గారూ, మీతో మొదలుపెడదాం. ఎవరీ కుర్రాడు?

కోచ్: లియోన్ మర్షాన్ అండీ, టూలూజ్ ఊరు. టోక్యో ఒలింపిక్స్‌లో 400 మీటర్ల మెడ్లీలో, అంటే నాలుగు రకాల ఈతలూ కలిపి ఈదే పోటీలో, ఆరోవాడు, అంతే. 2021లోనే అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. కోచ్ బాబ్ బౌమన్‌కు తనే ఈమెయిల్ పెట్టుకుని—

మాజీ పీఈటీ: అమెరికా ఈతగాడు ఫెల్ప్స్ కోచ్!

కోచ్: అవునండీ. రెండేళ్ళు తిరక్కుండా ఆ ఫెల్ప్స్ రికార్డునే—

మాజీ పీఈటీ: నేను చెప్తానుండమ్మా. ముప్పై రెండేళ్ళు విజిల్ ఊదినోణ్ణి. ఆ పిల్లోడి అమ్మా నాన్నా ఎవరనుకున్నారు? ఇద్దరూ ఒలింపిక్ ఈతగాళ్ళే. రక్తంలో ఉంది. ఈయనేమో, (రైతును చూపిస్తూ) నా దగ్గర చదువుకున్నోడే, కబడ్డీలో కూతకు పొమ్మంటే గీత దాకా పోయి వెనక్కొచ్చేవాడు!

రైతు: సార్, అది ఎనిమిదో తరగతి సార్.

యాంకర్: అందుకే నా ప్రశ్న. మన పిల్లలకు రక్తంలో లేకపోయినా పక్కనే పెన్న ఉంది కదా. పెన్న ఉండగా పూల్ ఎందుకు?

మాజీ పీఈటీ: శభాష్! రేపల్లె షంషేర్ ఖాన్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఈదాడు. గుంటూరు జిల్లా పల్లెటూరోడు. అప్పుడు ఆ ఊర్లో ఏ పూలుందమ్మా?

(రక్తం వాదన ఇక్కడితో ఆయనే కొట్టేసుకున్నారు. ఎవరూ పట్టించుకోలేదు.)

యాంకర్: రేపల్లె ఇప్పుడు బాపట్ల జిల్లా కదా సార్.

మాజీ పీఈటీ: 2022లో జిల్లాలు విడగొడితే ఆయన ఈదింది మారిపోద్దా? అట్టయితే చీరాల ఏంది? ప్రకాశం నుంచి తీసి బాపట్లలో కలిపారు. కందుకూరు తెచ్చి అప్పట్లో మనకిచ్చారు. కందుకూరోణ్ణి అడగండి, నీది ఏ జిల్లా అని, ఇంకా తడుముకుంటాడు!

(జిల్లాల మీద ఇంకో రెండు నిమిషాలు నడిచింది. వదిలేశాం.)

యాంకర్: రైతు గారూ, మీరు చెప్పండి.

రైతు: నేనేం పెద్ద మాట అన్లేదు మేడం. పదకొండు రోజులు పోయొచ్చింది. ఆ బిడ్డ నెత్తిన పెట్టుకునే రబ్బరు టోపీ మీద ఉండేది యూనివర్సిటీ పేరే. ఆ పేరు పెట్టుకుని ఈదితే రిజిస్టర్లో ఆబ్సెంట్ ఎట్టా పడుద్ది—

మాజీ పీఈటీ: ఇచ్చేసుంటే ఏమయ్యా, ఫీజెంతని? అసలు 50 మీటర్ల పూలుకు 25 లక్షల లీటర్ల నీళ్ళు కావాల. ఎండాకాలం బిందె నీళ్ళకు కొట్టుకునే ఊళ్ళుండాయి. పూలంట పూలు!

రైతు: సార్, కోప్పడొద్దు. ఎకరం రొయ్యల గుంటకు నాలుగడుగులు నీళ్ళు పెడితే 49 లక్షల లీటర్లు. మీరు చెప్పే పూలు నా గుంటలో సగమే సార్. పైగా మా మాదిరిగా పంట పంటకూ గుంట ఎండబెట్టే పని లేదు, అవే నీళ్ళు శుద్ధి చేసి తిప్పుకుంటారంట.

(స్టూడియోలో ఒక్క క్షణం నిశ్శబ్దం. మొత్తం చర్చలో ఇదొక్కటే.)

యాంకర్: బాగుంది. కానీ పెన్నలో అయితే ఆ నీళ్ళు ఊరికే వస్తాయి కదా? కోచ్ గారూ?

కోచ్: పెన్నలో గోడ లేదండీ.

మాజీ పీఈటీ: బ్యారేజీ ఉంది కదమ్మా గోడ! (నవ్వులు)

కోచ్: ఒక్క నిమిషం ఇవ్వండి. పెద్ద పూల్‌లో 200 మీటర్లకు మూడుసార్లే తిరగాలి. అమెరికా కాలేజీ పూల్ 25 గజాలు, 22.86 మీటర్లు. అక్కడ 200 గజాలకు ఏడుసార్లు గోడను తన్నాలి. తన్నాక నీటి కింద 15 మీటర్ల దాకా పోవచ్చు. మర్షాన్ మిగతావాళ్ళను దాటేసేది అక్కడే. 2023లో జపాన్ ఫుకువోకాలో 400 మీటర్ల మెడ్లీ 4 నిమిషాల 2.50 సెకన్లు, ఫెల్ప్స్ 2008 రికార్డు పోయింది. పారిస్ ఒలింపిక్స్‌లో బటర్‌ఫ్లై, బ్రెస్ట్‌స్ట్రోక్ ఒకే రాత్రి గెలిచాడు. కంప్యూటర్ సైన్స్ చదువుతూనే ఆ పూల్‌లో రోజూ దిగాడు. మన పిల్లకు కావలసింది కూడా ఆ టైమే, కాలేజీ గనక—

మాజీ పీఈటీ: అంటే మన పిలకాయలు చేతకానోళ్ళనా?

కోచ్: నేనట్లా అన్లేదు. మన సజన్ ప్రకాష్ 2021లో రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై 1 నిమిషం 56.38 సెకన్లలో ఈది, ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత ఇచ్చే ఎ ప్రమాణం అందుకున్న మొదటి భారతీయ ఈతగాడు. ఆయన—

మాజీ పీఈటీ: వాళ్ళమ్మ అథ్లెట్! నేను మొదట్నించీ చెప్తుండా, రక్తం!

యాంకర్: చిన్న విరామం. విరామం తర్వాత పెన్న గురించే మాట్లాడదాం.

(విరామం. చీరల షాపు ప్రకటన మూడుసార్లు.)

యాంకర్: సమయం మించిపోయింది. మాస్టారూ, ముగింపుగా ఒక మాట.

మాజీ పీఈటీ: ఒక్క మాటే. (నాలుగు నిమిషాలు మాట్లాడారు. పెన్న, రక్తం, క్రమశిక్షణ, మళ్ళీ పెన్న.)

యాంకర్: అద్భుతంగా చెప్పారు సార్. అందరి వాదనలూ విన్నారు. సెలవు.

రైతు: మేడం, ఫీజుకు సోమవారమే ఆఖరంట, అది ఎవర్ని అడగాలో—

(సంగీతం. మైకులు ఇంకా ఆన్‌లోనే ఉన్నాయి.)

మాజీ పీఈటీ: ఇంతకీ గుంటలో రొయ్యలు ఏ కౌంట్ ఉండాయిరా నీకు, కిలోకు ఎన్ని తూగుతాయి? ఆదివారం బంధువులొస్తుండారు.