గోడ మీద ఉప్పు స్ఫటికాలు: పాత కెమెరా లెన్సుతో ఒక ప్రయోగం

[దృశ్యం: చీకటి గది, సున్నం వేసిన గోడ. బల్ల మీద ఎల్‌ఈడీ దీపం, గాజు పలక, పాత లెన్సు.]

వ్యాఖ్యానం:
నమస్కారం. ఫిల్ము కెమెరాలు మూలపడ్డాక నెల్లూరు, ఒంగోలు స్టూడియోలలో మిగిలిపోయిన 50 మిల్లీమీటర్ల నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) గల లెన్సు ఒకటి దొరికితే చాలు, ఈ ప్రయోగం మీరూ చేయవచ్చు. కాంతి ఏ దారిన లెన్సులోకి వస్తుందో అదే దారిన వెనక్కి కూడా వెళ్ళగలదు కనుక, ఫిల్ము ఉండవలసిన చోట, అంటే లెన్సు వెనుక అంచుకు సుమారు 45 మిల్లీమీటర్ల దూరంలో, ఒక వస్తువును ఉంచి దాని వెనుక నుంచి వెలుగునిస్తే, ఆ బొమ్మ ఎన్నో రెట్లు పెరిగి గోడ మీద పడుతుంది. గోడ 3 మీటర్ల దూరంలో ఉంటే పెరుగుదల సుమారు 59 రెట్లు. అదే చోట 135 మిల్లీమీటర్ల లెన్సు పెడితే 21 రెట్లే.

[దృశ్యం: గాజు పలక మీద నీటి చుక్క.]

వ్యాఖ్యానం:
వస్తువుగా మన తీరంలోని ఇస్కపల్లి ఉప్పును తీసుకుందాం. ఇక కరగదన్నంత వరకు ఉప్పును నీటిలో కలిపి, గుడ్డతో వడగట్టి, ఒక్క చుక్కను పలక మీద పలచగా పరచాలి. పలక నిలువుగా ఉంటే నీరు జారిపోతుంది. అందుచేత అడుగున దీపం, దాని పైన భూతద్దం, ఆపైన పలక, పలక పైన లెన్సు, అన్నిటికీ పైన, వెలుగును గోడవైపు తిప్పడానికి, 45 డిగ్రీల వాలులో అద్దం అమర్చాలి. భూతద్దం లేకపోతే వెలుగు లెన్సులోకి సరిగా చేరక బొమ్మ అంచులు నల్లబడతాయి. నీరు ఆరేకొద్దీ చుక్క అంచుల వెంట చదరపు స్ఫటికాలు పుడతాయి. అర మిల్లీమీటరు స్ఫటికం గోడ మీద 3 సెంటీమీటర్లవుతుంది, అది పెరగడం కళ్ళెదుటే కనిపిస్తుంది.

లెన్సులో వెలుగు సాగే రంధ్రమైన ఎపర్చరును పూర్తిగా తెరవండి. ఎఫ్ సంఖ్య పెరిగేకొద్దీ ఈ రంధ్రం చిన్నదవుతుంది. ఎఫ్ 1.8 నుంచి ఎఫ్ 8కి మూస్తే వెలుగు ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. తెరిచినప్పుడు అంచులు కొంత మసకబారుతాయి కానీ, ఈ బొమ్మకు ఆ మసక అందమే తెస్తుందని నా అభిప్రాయం. ఎపర్చరు రింగు లేని కొత్త లెన్సులలో కొన్ని, కెమెరా నుంచి తీయగానే మూసుకుపోతాయి కనుక రింగున్న పాతవే మేలు.

చీమకుర్తి నల్ల గ్రానైటు వంటి నునుపు పలకల మీద బొమ్మ నిలవదు, సున్నపు గోడే కావాలి.

తీరప్రాంతంలో రాత్రి తేమ పెరుగుతుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆరదు సరికదా, ఆరిన స్ఫటికాలు కూడా తిరిగి కరుగుతాయి. కాబట్టి పలకను ముందుగా కాస్త వెచ్చచేయాలి, లేదా ఆ కరగడాన్నే ప్రదర్శనగా ఎంచుకొని, పగలు ఆరబెట్టిన పలకను రాత్రి కిటికీలు తెరిచి చూపాలి. నాకు రెండవ పద్ధతే ఎక్కువ ఇష్టం.