పాత ట్రక్కు బేరానికి వెళ్తున్నారా?

శ్రోతలకు నమస్కారం. పాత చిన్న ట్రక్కు ఒకటి చవకగా కొని, రిపేర్లు మనమే చేసుకుంటే గిట్టుబాటవుతుందా? అవుతుంది. అయితే బేరానికి వెళ్లినవాళ్లు ముందు ఇంజను చప్పుడు వింటారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మాత్రం ముందు చూడాల్సింది ఛాసీని, అంటే బండి మొత్తాన్ని మోసే కింది ఇనుప చట్రాన్ని.

ఇక్కడ చాలా బండ్లు రొయ్యలు మోసినవే. ట్రేల్లోంచి ఐసు నీళ్లు, ఉప్పు నీళ్లు కారి ఛాసీ మీద పడతాయి. వెనక కమాన్ కట్టలు, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీలు బిగించే బ్రాకెట్ల దగ్గర బురద పట్టి, ఆ తడి అక్కడే ఉండిపోతుంది. కింద కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే ఇంకా అనుమానించండి. చిన్న సుత్తితో ఛాసీ పొడుగునా తడుతూ పోండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట చప్పుడు మొద్దుబారి, పెచ్చులు రాలతాయి. స్క్రూడ్రైవర్ మొన లోపలికి దిగిందా, ఆ బండి ఎంత తక్కువకిచ్చినా వద్దు. ఇంజను బాగుచేయొచ్చు, కుళ్లిన ఛాసీని ఇంటి దగ్గర బాగుచేయలేం. చీమకుర్తి వైపు రాళ్లు మోసిన బండి అయితే విరిగిన కమాన్ పట్టీలు, ఛాసీ మీద వెల్డింగు అతుకులు వెతకండి.

ఇంజను చల్లగా ఉండగా చూడాలి. మీరు వెళ్లేసరికే వేడెక్కి ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పండి. నీలం పొగ వదలకుండా వస్తుంటే ఆయిలు కాలుతోంది. నల్లపొగకు ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడమే కారణం కావచ్చు, అది చిన్న ఖర్చు. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీయండి. అక్కడ పొగ గుప్పుగుప్పున ఎగదన్నుతుంటే పిస్టన్ రింగులు అరిగిపోయినట్టే. సిలిండర్లు బోరింగు చేయించాలంటే లేత్ షాపుకు వెళ్లాలి, ఆ ఖర్చు ధరలో తగ్గించి అడగండి.

సొంత రిపేరుకు 2005లో వచ్చిన తొలి టాటా ఏస్ లాంటిది తేలిక. 702 సీసీ, రెండు సిలిండర్లు, టర్బో లేదు. కంప్యూటర్ అదుపులో డీజిల్ చిమ్మే కామన్ రైల్ ఇంజన్లలో లోపం కనిపెట్టాలంటే స్కానర్ కావాలి.

కాగితాలు కూడా ముఖ్యమే. ఆర్సీ మీద ఫైనాన్సు ఉంటే, అప్పు తీరిందని చూపే ఫారం 35, ఫైనాన్సు వాళ్లిచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) చేతికి రానిదే డబ్బు పూర్తిగా ఇవ్వొద్దు. పేరు మార్పుకు 29, 30 ఫారాలు కావాలి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి.

ఆయిలు, ఫిల్టర్లు, బెల్టులు, బ్రేక్ షూలు మీరే మార్చుకోవచ్చు. డీజిల్ పంపు మాత్రం పంపు షాపుకే ఇవ్వండి. వట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టాకే పని. డీజిల్ ఫిల్టర్ మార్చాక బండి అందుకోకపోతే కంగారుపడి సెల్ఫ్ కొడుతూ ఉండొద్దు, బ్యాటరీ దిగిపోతుంది. పైపులో గాలి చేరిందంతే. ఫిల్టర్ మీది గాలి స్క్రూ కొంచెం వదులు చేసి, చేతి పంపు కొట్టండి. ముందు నురగ, తర్వాత బుడగలు వస్తాయి. బుడగల్లేని డీజిల్ ధారగా వచ్చాక, పంపు కొడుతూనే స్క్రూ బిగించండి.