ప్రమాణం ఎవరి పేరున?

శ్రోతలకు నమస్కారం.

సైన్యంలో చేరే మనిషి కాగితాల మీద సంతకం పెడితే సరిపోదు. పతాకం ఎదుట నిలబడి, నలుగురు వింటుండగా మాట ఇవ్వాలి. ప్రాణం మీదికి వచ్చినా వెన్ను చూపనని ముందుగానే చెప్పించుకునే కొలువులు అరుదు.

ఆ మాటను అక్షరాలా నిలబెట్టినవాళ్లున్నారు. 1993 అక్టోబరు 3న సోమాలియా రాజధాని మొగదీషులో అమెరికా హెలికాప్టర్ ఒకటి కూలింది. పైలట్ గాయాలతో కదలలేకపోతున్నాడు, సాయుధులు చుట్టుముడుతున్నారు. పైన మరో హెలికాప్టర్‌లో ఉన్న గ్యారీ గోర్డన్, రాండీ షుగర్ట్ తమను అక్కడ దింపమని అడిగారు. అధికారులు వద్దన్నారు. పట్టువదలక అడిగి అనుమతి సంపాదించారు. పైలట్‌కు కాపలాగా నిలిచి పోరాడుతూ ఇద్దరూ నేలకొరిగారు. పైలట్ బందీగా చిక్కినా ప్రాణాలతో ఇల్లు చేరాడు. పదేళ్ల తర్వాత అమెరికా సైన్యం తన ప్రతిజ్ఞను తిరగరాసినప్పుడు, పడిపోయిన సహచరుణ్ణి ఎన్నడూ విడిచి రానన్న వాక్యం అందులో ఉంది.

అయితే ధైర్యం ఒక్కటే చాలదు. ప్రమాణం ఎవరికి చేస్తున్నామన్నది నా దృష్టిలో అంతకంటే పెద్ద ప్రశ్న. 1934 ఆగస్టు 2న జర్మనీ అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ మరణించాడు. ఆ రోజే సైనికుల చేత కొత్త ప్రమాణం చేయించారు. విధేయత రాజ్యాంగానికి కాదు, హిట్లర్ అనే ఒక్క మనిషికి, అదీ ఏ షరతూ లేకుండా. మాట ఇచ్చాం గనుక తప్పలేకపోయామని ఎందరో అధికారులు తర్వాత చెప్పుకున్నారు. ఆ మాట ఖరీదును యూరప్ అంతా చెల్లించింది.

యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీ తన సైన్యాన్ని మళ్లీ నిర్మించుకున్నప్పుడు, నేరం చేయమనే ఆజ్ఞను సైనికుడు పాటించకూడదని 1956లో చట్టమే చేసింది. 1944 జులై 20న హిట్లర్‌ను చంపబోయి విఫలమైన అధికారులను కాల్చిచంపిన బెర్లిన్ ప్రాంగణంలో, అదే తేదీన కొత్త సైనికుల చేత ప్రమాణం చేయిస్తూ వచ్చారు. మాట తప్పినవారని ఒకప్పుడు ముద్రపడ్డ వాళ్ల ఎదుట మాట ఇప్పించడం! ఇంతకంటే గట్టి పాఠం నాకు కనిపించదు.

1932లో డెహ్రాడూన్‌లో మిలిటరీ అకాడమీని ప్రారంభిస్తూ సేనాధిపతి ఫిలిప్ చెట్‌వుడ్ అధికారులకు ఒక వరుస చెప్పాడు. దేశం ముందు, మీ కింది సైనికులు తర్వాత, మీ సుఖం, మీ భద్రత అన్నింటికన్నా చివర. గొప్ప వరుస. మరి యుద్ధంలో ఎదురుపడే పరాయి దేశపు పసిబిడ్డ ఈ వరుసలో ఎక్కడ?

1968 మార్చి 16న వియత్నాంలోని మై లై గ్రామంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వచ్చింది. అమెరికన్ సైనికులు నిరాయుధులైన గ్రామస్థులను వందల సంఖ్యలో చంపుతున్నారు. హెలికాప్టర్ పైలట్ హ్యూ థాంప్సన్ పైనుంచి అది చూశాడు. ప్రాణాలు దక్కించుకోవడానికి దాక్కున్న కొందరి వైపు తన సొంత సైనికులే వస్తుంటే, ఆ రెంటి మధ్య హెలికాప్టర్ దించాడు. వీళ్ల మీద కాల్పులు జరిపితే మన వాళ్ల మీదైనా సరే తిరిగి కాల్చమని తన సిబ్బందికి చెప్పి, ఆ గ్రామస్థులను బయటికి తరలించాడు. తర్వాత శవాలు నిండిన గుంటలో కదలిక కనబడితే మళ్లీ దిగారు. అతని సిబ్బందిలో ఒకడు లోపలికి దిగి, ప్రాణంతో ఉన్న ఒక బిడ్డను పైకి తీసుకొచ్చాడు. థాంప్సన్ ఆ బిడ్డను ఆసుపత్రికి చేర్చాడు.

తిరిగొచ్చిన థాంప్సన్‌ను చాలామంది ద్రోహి అన్నారు. సోల్జర్స్ మెడల్ అనే సైనిక పతకం ఇవ్వడానికి ముప్పై ఏళ్లు పట్టింది, 1998లో ఇచ్చారు. ఆ తర్వాత అమెరికా సైనిక విద్యాలయాలు ఆయన్ను పిలిపించి, ప్రమాణం చేయబోయే క్యాడెట్లకు ఆ రోజు ఏం జరిగిందో ఆయన నోటనే చెప్పించాయి.