పెరట్లో మంట, తట్టలో బూడిద

(భోగికి వారం ముందు కడపలోని ఒక కాలనీ సంఘం సమావేశంలో అగ్నిమాపక శాఖ విశ్రాంత ఉద్యోగి చేసిన ప్రసంగం)

పెద్దలకు, అమ్మలకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లకాయలకు నమస్కారం. బల్ల మీద ఈ ఇనుప తట్ట ఎందుకు పెట్టినాడబ్బా అని చూస్తున్నారు. అందులో ఉండేది బూడిద. దాని సంగతి కడాన చెబుతా. అంతదాకా ఎవరూ చెయ్యి పెట్టొద్దు.

కడపలో చలిమంట అంటే బయటూరోళ్లు నవ్వుతారు. మే నెలలో మీ ఊరే ఒక కుంపటి కదయ్యా అంటారు. జనవరి తెల్లారుజామున పాలకొండల మీది గాలి తగిలితే వాళ్లకు తెలుస్తుంది. మా చిన్నప్పుడు వీధి మొగదల నాలుగు పుల్లలేసి కాచుకునేవాళ్లం. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఇనుప గిన్నె తెప్పించి, పెరట్లో పెట్టి, చుట్టూ కుర్చీలేసి ‘ఫైర్ పిట్’ అంటున్నారు. నేను వద్దనను. పీర్ల పండక్కి గుండం తవ్వే సీమ మనది, మంటకు గుంట మనకేం కొత్త? మా ఊళ్లో ఆ గుండం చావిడి ముందర ఖాళీ మట్టినేలలో తవ్వేవాళ్లు. గోడవార తవ్వింది నేనెప్పుడూ చూడలేదు.

మన పెరళ్లలో ఇప్పుడు మట్టి యాడుంది? అంతా నాపరాళ్లు పరిచినాము. కడప బండ అని దేశమంతా కొనుక్కునేది అదే. అది పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి. పొరల సందున తేమ దాగి ఉంటుంది. దాని మీద నేరుగా మంటేస్తే ఆ తేమ ఆవిరయి తన్నుతుంది, పెచ్చు టప్పున లేస్తుంది. కంటికి తగిలితే ఇక చెప్పేదేముంది? సిమెంటు నేలదీ అదే బుద్ధి. కాళ్లున్న గిన్నె పెట్టుకోండి, కింద రెండు వరసల ఇటుక పరచండి. లేదంటే జానెడు మందాన ఇసుక పోయండి. అందంగా ఉంటాయని పెన్నలోంచి గుండ్రాళ్లు తెచ్చి చుట్టూ పేరుస్తున్నారు, తడి రాయి కాగితే అదీ పగులుతుంది.

ఇల్లు, కారు, ఏసీ పెట్టె, ఆరేసిన బట్టలు, వీటన్నిటికీ పది అడుగుల ఎడం తగ్గకూడదు. ఒకసారి తలెత్తి పైకి కూడా చూడండి. కరెంటు తీగ ఉందా, వేపకొమ్మ ఉందా? గాలి గట్టిగా ఉన్న రోజు మానుకోండి. మంట రాజుకోలేదని పెట్రోలు పోసేవాళ్లకు ఒక్క మాట: దాని ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పాకి మీ కాళ్ల దగ్గరికొచ్చి అంటుకుంటుంది. చలికి ఓర్వలేక బొగ్గుల కుంపటిని గదిలో పెట్టుకుని తలుపులు వేసుకుంటే వచ్చే విషవాయువుకు వాసనే ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఇక చట్టం. ‘ఫైర్ పిట్’ అనే మాట కోసం వెతుకుతూ కూర్చోవద్దు. చట్టం అడిగేది రెండు ప్రశ్నలు: ఏం కాల్చినావు? ఎవరికి ముప్పు తెచ్చినావు? చెత్తను వీధిలో, బయలు జాగాలో కాల్చకూడదని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పినాయి. అదే ఏడు డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెత్త కాల్చినోళ్లకు 5,000 రూపాయలు, భారీగా కాలిస్తే 25,000 కట్టించమంది. భోగి పొద్దున టైరు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీ మంటలో వేసేటాయన పండగ చేస్తున్నాననుకుంటాడు. ఆ పొగ పీల్చే పక్కింటి ముసలాయన ఏమనుకుంటాడో అడగండి. పిడకలు, ఎండిన కట్టె చాలు సామీ.

రెండో ప్రశ్నకు భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ ఉంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది, అంతకుముందు ఐపీసీలో 285. నిప్పుతో నిర్లక్ష్యంగా ఉంటే ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ. రెండు వేలే కదా అని అక్కడ ఎవరో నవ్వుతున్నారు. వినండి. ఇల్లు కాలిపోనక్కర్లేదు, మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చే పని చేస్తే చాలు. నిప్పును జాగ్రత్త చేయకుండా వదిలేసి పోవడమూ అందులోకే వస్తుంది. కొండల్లోకి పోయి వంట చేసుకునే కుర్రోళ్లకయితే సెక్షన్ వేరు. 1967 నాటి అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడమే నేరం. ఎండాకాలం బోదగడ్డికి ఒక బీడీ ముక్క చాలు, ఎర్రచందనం మొలకలు మాడిపోతాయి.

వదిలేసి పోవడం అన్నాను కదా, అది నేనూ చేసినాను. ఉద్యోగంలో ఉండగానే. ఒక భోగికి తెల్లారి అయిదింటికి మంట వేసినాము. మధ్యాహ్నానికి బూడిద తెల్లగా, చల్లగా కనిపించింది. చెట్లకు పనికొస్తుందని ప్లాస్టిక్ బకెట్లో ఎత్తి వసారాలో స్కూటరు పక్కన పెట్టినా. రాత్రి తొమ్మిదికి మా ఇంటామె కమురు వాసన అంటూ కేకేసింది. బకెట్ అడుగు కరిగిపోయింది, బూడిద నేల మీద కుప్పగా ఉంది, మధ్యలో ఎర్రగా ఒక కన్ను. స్కూటరు టైరుకు జానెడు దూరం. నెల రోజులు ఆమె ముందు నోరెత్తలేదు నేను.

మా అవ్వకు ఇది బడికి పోకుండానే తెలుసు. రాత్రి పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పి పడుకునేది. తెల్లారి కదిపితే ఎర్రగా లేచేది, అగ్గిపుల్ల ఖర్చు లేదు. నివురు గప్పిన నిప్పు అంటారే, అది ఆమెకు రోజూ చేసే పని. కాబట్టి మంట ఆరినాక నీళ్లు పోయండి, కర్రతో కలపండి, మళ్లీ పోయండి. సుయ్ అనే చప్పుడు పూర్తిగా పోవాలి. చేతి వెనక వైపు దగ్గరగా పెట్టి చూస్తే వేడి తగలకూడదు. ఇసుక కప్పి పోతే అవ్వ చేసిన పనే మీరూ చేసినట్టు. అప్పటికీ చెయ్యి దాటితే 101. ఫోన్‌లో ముందు యాడ ఉన్నారో చెప్పండి, మిగతాది తర్వాత.

ఈ తట్టలో బూడిద ఈ పొద్దున ఆరింటిది. ఇప్పుడు సాయంత్రం అయిదున్నర. పాపా, ఇట్లా రా. దూరంగానే నిలబడి ఈ పొడుగు పుల్లతో మధ్యలో కదుపు. ఇంకొంచెం లోపలికి... కనిపించిందా? ఆ నీళ్ల బకెట్ ఇటు అందీయండి.