గ్రామఫోన్ ముల్లుకు రేషన్ కార్డు: రేడియో ఓడల అసలు కథ

నమస్కారం. ‘ద బోట్ దట్ రాక్డ్’ సినిమా మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు ఈ మాట అంటారు: “ఆ మంత్రికి రాక్ సంగీతం అంటే పడదు, అందుకే రేడియో మూయించాడు.” ఇది విన్నప్పుడల్లా నా మనసు ఊరుకోదు. 1960లలో బ్రిటన్ తీరం అవతల ఓడ మీంచి పాటలు వినిపించిన రేడియో గురించి 2009లో రిచర్డ్ కర్టిస్ తీసిన ఈ కామెడీ అంటే నాకు చాలా ఇష్టం. ఫిలిప్ సేమూర్ హాఫ్‌మన్ మైకు ముందు కూర్చుంటే ఆ ఓడలో మనమూ ఉన్నట్టే ఉంటుంది. కానీ కెన్నెత్ బ్రానా వేసిన ఆ మంత్రి పాత్రను చరిత్ర అనుకుంటే అసలు కథ చేజారిపోతుంది.

మనవాళ్లకు ఆ అపోహ ఎందుకొస్తుందో నాకు తెలుసు. మన దగ్గర నిజంగా అలాగే జరిగింది. 1952లో సమాచార ప్రసార మంత్రి కేస్కర్ హయాంలో ఆకాశవాణిలో సినిమా పాటలు ఆగిపోయాయి. ఆయనకు శాస్త్రీయ సంగీతం మీద ఉన్న గౌరవం సినిమా పాట మీద లేదు. దాంతో జనం రేడియో సిలోన్ వైపు తిరిగారు. ఇళ్లలో ఆ కథ వింటూ పెరిగినవాళ్లు బ్రిటన్‌లోనూ అదే జరిగిందనుకుంటారు. అక్కడ అడ్డుపడింది ఒక మనిషి అభిరుచి కాదు. ఒక ఒప్పందం. దాని పేరు నీడిల్ టైమ్.

[తెరపై: గ్రామఫోన్ రికార్డు, దాని మీద ముల్లు]

నీడిల్ టైమ్ అంటే గ్రామఫోన్ ముల్లు రికార్డు మీద ఉండే సమయం. దీన్ని రేషన్ షాపుతో పోల్చి చెబుతాను, ఎందుకంటే ఇది అచ్చంగా అదే. బ్రిటన్ జాతీయ రేడియో బీబీసీ రేషన్ డీలరు. రికార్డులు బియ్యం. వారానికి ఇన్ని గంటలే రికార్డులు వేయాలని పైనుంచి కోటా వస్తుంది. ఆ కోటా పెట్టింది ప్రభుత్వం కాదు. రికార్డు కంపెనీల హక్కులు చూసే పీపీఎల్ సంస్థ. దాని వెనక సంగీత కళాకారుల యూనియన్ ఒత్తిడి ఉంది. రేడియో రోజంతా రికార్డులే తిప్పితే వాద్యకారులకు పనెవరిస్తారని వాళ్ల భయం. నా దృష్టిలో అది న్యాయమైన భయమే. వాళ్లను విలన్లుగా చూపడం నాకు ఇష్టం లేదు.

మరి బియ్యం అయిపోతే డీలరు ఏం చేస్తాడు? జొన్నలు ఇస్తాడు. బీబీసీ కూడా అంతే. హిట్ పాటను తన ఆర్కెస్ట్రా చేత వాయించి వినిపించేది. కుర్రవాళ్లు రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ కోసం రేడియో పెడితే ఎవరో వాద్యబృందం ఆ వరస వాయించేది. ఆ ఆకలి ఎలా ఉంటుందో ఊహించండి.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. డీలరు సొంత పొలంలో పండించుకున్నదానికి కోటా లేదు. అంటే బ్యాండ్‌ను స్టూడియోకి పిలిచి, అక్కడే పాడించి, ఆ రికార్డింగ్ వేసుకోవచ్చు. అందుకే 1962 నుంచి 1965 దాకా బీటిల్స్ బీబీసీ కోసం 88 పాటలను మొత్తం 275 సార్లు పాడారు. అందులో కొన్ని వాళ్లు అప్పట్లో రికార్డుగా విడుదల చేయనే లేదు. ఈరోజు మనం ప్రాణంగా వినే ఆ సెషన్లు చాలావరకు ఆ కోటా పుణ్యమే. సినిమాలో ఈ ముక్క ఉండి ఉంటే ఎంత బాగుండేదో.

సరే, ఇప్పుడు పొలిమేర. రేషన్ చాలని ఊళ్లో ఎవరో ఒకరు పొలిమేర దాటి కిరాణా కొట్టు పెడతారు కదా? అప్పట్లో బ్రిటన్ చట్టం తీరం నుంచి 3 నాటికల్ మైళ్ల దాకే. ఆ గీత అవతల లంగరేసిన ఓడే ఆ కొట్టు. 1964 మార్చి 28న రోనన్ ఓ రాహిలీ అనే ఐరిష్ యువకుడు పాత డానిష్ ఫెర్రీ నుంచి రేడియో కరోలైన్ మొదలుపెట్టాడు. ఆయన జార్జీ ఫేమ్ అనే గాయకుడి రికార్డు పట్టుకుని తిరిగితే వేసేవాళ్లే దొరకలేదు. లక్సెంబర్గ్ దేశం నుంచి రాత్రిళ్లు వచ్చే రేడియో లక్సెంబర్గ్‌లోనేమో పెద్ద కంపెనీలు టైము కొనుక్కుని తమ పాటలే వేసుకునేవి. కాబట్టి ఆ ఓడ పాట మీద ప్రేమతో పాటు వ్యాపారం కోసం కూడా. ప్రకటనల డబ్బుతోనే నడిచింది. దాన్ని దాచాల్సిన పని లేదు, కొట్టు అన్నాక గల్లా ఉంటుంది.

ఆ కొట్టును మూయడం ఎలా? పొలిమేర దాటి పోలీసు వెళ్లలేడు. ఈ ఎత్తును మాత్రం సినిమా బాగానే పట్టుకుంది. ప్రభుత్వం ఓడను ముట్టుకోలేదు, ఓడకు వెళ్లే దారిని మూసేసింది. 1967 చట్టం ప్రకారం ఆ ఓడకు డీజిలు, తిండి అందించినా నేరం, ప్రకటన ఇచ్చినా నేరం, బ్రిటన్ పౌరుడు అందులో పనిచేసినా నేరం. కొట్టుకు సరుకు తోలే బండివాణ్ణి పట్టుకుంటే కొట్టు దానంతటదే మూతపడుతుంది. దీనికి వేరే కారణాలూ చెప్పారు: ఇతర దేశాల ఫ్రీక్వెన్సీలకు అడ్డం రావడం, పాటల హక్కుల డబ్బు. 1966లో థేమ్స్ ముఖద్వారంలోని పాత సైనిక కోట మీద నడిచే రేడియో సిటీ అనే మరో ఇలాంటి స్టేషన్ గొడవలో దాని యజమాని కాల్పుల్లో చనిపోయాడు. ఆ తర్వాత ప్రభుత్వం ఇంకా తొందరపడింది. ఇవన్నీ పక్కనబెట్టి “మంత్రికి రాక్ పడదు” అంటే ఎలా?

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. చట్టం అమల్లోకి వచ్చింది 1967 ఆగస్టు 14 అర్ధరాత్రి. తేదీ మనం మరిచిపోలేనిదే. మరో ఓడ మీద నడిచే రేడియో లండన్ ఆ మధ్యాహ్నం 3 గంటలకే ఆగిపోయింది. కరోలైన్‌లో పాటలు వేసే జానీ వాకర్, రాబీ డేల్ అర్ధరాత్రి దాటినా మైకు వదల్లేదు. సినిమాలో ఓడ మునిగిపోతుంది. నిజంగా 1968 మార్చిలో బాకీల కింద, అప్పటికి కరోలైన్‌కు ఉన్న రెండు ఓడలనూ లాక్కెళ్లారు. అందులో ఒకటైన మీ అమీగో మళ్లీ ప్రసారాలు చేసి 1980లో మునిగింది. అందులోవాళ్లంతా బయటపడ్డారు.

ఓడల శ్రోతల కోసం బీబీసీ సొంతంగా పెట్టిన పాప్ పాటల స్టేషన్ రేడియో 1 మొదలైంది 1967 సెప్టెంబరు 30న. తొలి గొంతు టోనీ బ్లాక్‌బర్న్, ఓడల నుంచి వచ్చినవాడే. సిలోన్‌కు పోయిన శ్రోతల కోసం మనకు 1957 అక్టోబరు 3న వివిధ భారతి వచ్చినట్టే ఇదీ. కానీ రేడియో 1కి కూడా కోటా తప్పలేదు. నీడిల్ టైమ్ పోయింది 1988లో!

చివరిగా ఒక్కటి. 2017లో కరోలైన్‌కు లైసెన్సు దొరికింది, 648 కిలోహెర్ట్జ్ మీద. ఒకప్పుడు ఆ ఫ్రీక్వెన్సీలో వినిపించింది బీబీసీ వరల్డ్ సర్వీస్. పొలిమేర అవతలి కొట్టు ఇప్పుడు డీలరు ఖాళీ చేసిన గదిలో నడుస్తోంది.